కన్ను బదులు

జత వయసు: 1 రోజు

ఇది కాగితం పుస్తకం. లెన్సులు తీసి డబ్బాలో పెట్టి, పాత కళ్ళద్దాలు తగిలించుకుని రాస్తున్నాను. లెన్స్ పెట్టుకున్న మనిషి ఏది చూస్తే షెడ్డు కూడా అదే చూస్తుంది, ఏది వింటే అదే వింటుంది. షెడ్డు చూడకూడనిది రాసుకోవాలంటే ఇంతకంటే దారి లేదు. పొద్దుటి తనిఖీ అయ్యాక తొమ్మిదింటికి లెన్స్ గది ఖాళీ అవుతుంది. తలుపు దగ్గరగా వేసుకుంటే అరగంట నాది.

నా పేరు పైడితల్లి. గట్టుపేట రొయ్యల షెడ్డులో ఆడవాళ్ళకి లెన్సులు అమర్చేది, రోజూ వాళ్ళ కళ్ళు చూసేది నేనే. పాత ఊరు సముద్రంలో కలిసిపోయాక కొండవాలు మీద ఈ ఊరు కట్టారు. ఇక్కడ షెడ్డు తప్ప వేరే పని లేదు, లెన్స్ లేనిదే షెడ్డులో అడుగు పెట్టనివ్వరు. రొయ్యని చేతిలోకి తీసుకోగానే దాని చుట్టూ పచ్చ గీతో ఎర్ర గీతో లెన్సులో కనిపిస్తుంది. పచ్చది బుట్టలోకి, ఎర్రది తొట్టిలోకి. షెడ్డు ఒక్కటే అనుకునేరు. బస్సు మీద ఊరి పేరు, కొట్లో ధర, మందు సీసా మీద గడువు, అన్నీ లెన్సులోనే కనిపిస్తాయి. లెన్స్ తీస్తే ఊళ్ళో బోర్డులన్నీ ఉత్త తెల్ల రేకులు.

ఇవాళ నలభై ఇద్దరికీ కొత్త జతలు ఇచ్చాను. ఎక్కువమందివి నెలకొకసారి మార్చే మెత్తటి లెన్సులు. నల్లగుడ్డు సమంగా గుండ్రంగా లేక వంకర నంబరున్న వాళ్ళవి కూడా మెత్తనివే, కానీ వాటికి కింద సన్నటి గీత ఉంటుంది. కంట్లో పెట్టాక ఆ గీత గడియారంలో ఆరు దగ్గర నిలబడాలి, అప్పుడే చూపు తిన్నగా ఉంటుంది. నలభై దాటినవాళ్ళకి దూరానికి, దగ్గరికి ఒకే లెన్సులో రెండు నంబర్లు. గున్నమ్మ నల్లగుడ్డు బొంగరం మొనలా పొడుచుకొచ్చింది, ఆమెకి మెత్తనిది నప్పదు. చిన్నది, గట్టిది ఇచ్చాను. పొద్దున్న పెట్టుకుని సాయంత్రం పారేసే రోజువారీ లెన్సులు మేడ మీద ఆఫీసువాళ్ళకి. వాళ్ళ కళ్ళు పుట్టుకతోనే ఖరీదైనవి మరి.

ఇచ్చే ముందు పాఠం చెప్పాలి. పదకొండేళ్ళుగా చెబుతున్నాను. నల్లగుడ్డుకి నెత్తురు ఉండదు, అది తిన్నగా గాలిలోంచే ఊపిరి తీసుకుంటుంది, లెన్స్ ఆ ఊపిరికి అడ్డం కనుక పెట్టుకుని నిద్రపోకూడదు, చేతులు కడుక్కోవాలి, మందునీళ్ళలోనే నానబెట్టాలి. ఇదంతా వాళ్ళిచ్చిన పుస్తకంలోది. చివర్న నా సొంత మాట ఒకటి కలుపుతాను. "లెన్స్ కంటికి అంటుకోదమ్మా, కన్నీటి మీద తేలతాది. కన్నీరంటే ఏటి? ఉప్పునీళ్ళే. మన పడవ తేలినట్టే." అందరూ తలలూపుతారు. ఈ ఒక్క మాట చెప్పాకే వాళ్ళ మొహాల్లో భయం పోతుంది. అది నేను కట్టిన మాట అని నాకు కొంచెం గర్వం కూడా ఉంది.

జత వయసు: 31 రోజులు

ఇవాళ ఈ జతలన్నీ చెత్తబుట్టలోకి పోవాలి. పోలేదు. నెల లెన్సులు ఇకమీదట తొంభై రోజులు వాడాలని మేడ మీంచి ఉత్తర్వు వచ్చింది. లెన్సు అదే, తయారీ అదే, రాత్రికి రాత్రి దాని ఆయుష్షు మూడింతలైంది. షెడ్డు మేస్త్రీ సన్యాసిరావుని అడిగాను. మందునీళ్ళు కూడా మనిషికో సీసా కాదట, ఇద్దరికి ఒకటట. ఇదేం లెక్క అంటే, తనకి పైవాళ్ళు చెప్పింది నాకు చెప్పడమే పని అన్నాడు. అతని కంట్లో రోజువారీ లెన్స్ నిగనిగలాడుతోంది.

కన్ను బదులు సంగతి ఇక్కడ రాసి పెట్టాలి. షెడ్డులో హాజరు మనిషికి కాదు, లెన్సుకి. ఏ జత ఎన్ని పూటలు రొయ్యలు చూసిందో అదే లెక్క. వరుసగా మూడు పూటలు కనబడకపోతే పేరు కొట్టేస్తారు. అందుకని ఒకామెకి జ్వరం వస్తే, పొద్దుటి పూట తన జతతో పనిచేసిన మరొకామె మధ్యాహ్నం పూట జ్వరపడ్డామె జత పెట్టుకుని మళ్ళీ తనిఖీకి వస్తుంది. టోపీ, మాస్కు, తెల్లకోటు వేసుకున్నాక కళ్ళు తప్ప ఏమీ కనపడవు. మా అమ్మల కాలంలో ఊడ్పులకి ఒకరి మడిలో ఒకరు బదులు చేసుకునేవారు. చేను పోయింది కానీ బదులు పోలేదు. ఎందుకు రాలేదని అడగకపోవడం కూడా అప్పటి మర్యాదే. అడిగితే సాయం అప్పవుతుంది.

కళ్ళు చూసే యంత్రానికి గడ్డం ఆనించగానే నాకు తెలిసిపోతుంది. ఆ యంత్రంలోకి నా లెన్సులు తీసే చూస్తాను, కనుక షెడ్డుకి తెలియదు. ఈ కళ్ళని పదకొండేళ్ళుగా చూస్తున్నాను. వంకర నంబరు జతైతే మరీ తేలిక. పరాయి కంట్లో ఆ గీత ఆరు దగ్గర నిలవదు, ఐదుకో ఏడుకో ఒరుగుతుంది. నేను చూస్తాను, "బాగుంది" అని నమోదు చేస్తాను. ఇంకో నిజం కూడా రాయాలి. ఈ పద్ధతి మొదలుపెట్టిందే నేను. మూడేళ్ళ కిందట మా తోడికోడలు నూకరత్నానికి గర్భసంచి తీసేశారు. అప్పుడు తన పేరు కొట్టేయకుండా నేనే ఒకామెకి తన జత ఇచ్చి పంపాను. ఎవరి నంబరు ఎవరికి దగ్గరో నా దగ్గరే ఉంటుంది కదా. సంబంధాలు కుదిర్చే పేరయ్యలా జతలు కుదిర్చాను.

జత వయసు: 34 రోజులు

నూకరత్నంతో మాటల్లేవు. నిన్న తనిఖీలో గోళ్ళలో మట్టి ఉందని కసిరాను. అందరూ విన్నారు. "నీ గోళ్ళు సూసుకో ముందు," అని తను కూడా అందరి ముందే అంది. తను నాకంటే తొమ్మిదేళ్ళు చిన్నది. మా మరిది దూరపు పడవ మీద ఉన్నాడు, మళ్ళీ వానాకాలానికి గానీ రాడు. తన మంచి చెడ్డలు చూడమని నాకు చెప్పి వెళ్ళాడు. చూస్తాను, తనే ముందు వచ్చి మాట్లాడితే చూస్తాను.

జత వయసు: 38 రోజులు

ఎర్ర కళ్ళు మూడు. ఒకామెకి నారింజ రంగు చుక్క వేసి నీలి వెలుగులో చూస్తే నల్లగుడ్డు మీద గీరుకున్నచోట పచ్చగా మెరిసింది. ముగ్గురికీ లెన్స్ తీసేయమన్నాను. ముగ్గురూ వినలేదు. సన్యాసిరావు దగ్గరికి వెళ్తే, బ్లీచింగ్ ఘాటుకి కళ్ళు ఎరుపెక్కుతాయి, "ఘాటు" అని నమోదు చెయ్యి అన్నాడు. చేశాను. నా ఉద్యోగం కూడా అతని నాలుక మీదే ఉంది.

జత వయసు: 42 రోజులు

నూకరత్నం జత రోజూ వస్తోంది, నూకరత్నం రావడం లేదు. నాలుగు రోజులుగా కుడి లెన్స్ గీత ఏడు దగ్గరికి ఒరిగి ఉంది. కోటు లోపల ఉన్నది వేరే మనిషి. జ్వరమేమో, లేకపోతే నా మొహం చూడటం ఇష్టం లేక ఎగ్గొడుతోందేమో. అడక్కూడదు కదా, మర్యాద. "బాగుంది" అని నమోదు చేశాను. నా పంతానికి ఆ మర్యాద భలే అక్కరకొచ్చింది.

జత వయసు: 49 రోజులు

ఇవాళ గున్నమ్మ తనిఖీ అయ్యాక కూడా కదల్లేదు. తన లెన్స్ తీసి డబ్బాలో పెట్టి, నన్ను కూడా తియ్యమంది. తీశాక చెప్పింది. "మీ తోడికోడలు గోడకేసి తిరిగి కూకుంటందమ్మా. ఎలుగు సూడలేకపోతంది. ఆయమ్మి సెప్పొద్దంది, నానే సెప్తన్నాను."

గది అలాగే వదిలేసి పరుగెత్తాను. కిటికీలకి దుప్పట్లు కట్టుకుని చీకట్లో కూర్చుని ఉంది. కుడికంటి మీద కొంగు అదిమి పెట్టుకుంది. తీయమంటే తీయదు. చివరికి బలవంతంగా తీసి చూస్తే నల్లగుడ్డు మధ్యలో పాలచుక్కలా తెల్లటి మసక, దాని చుట్టూ ఉంగరంలా సన్నటి గీత. పదకొండేళ్ళలో అలాంటి గీత చూడలేదు. నొప్పి ఎలా ఉందంటే, పురుటి నొప్పి దీని ముందు బలాదూరు అంది.

"ఏటి ఏసి కడిగినావే లెన్స్?" అని అడిగాను.

"మందునీళ్ళు ఐపోనాయి కదక్కా. బదులుకి ఇచ్చినప్పుడల్లా ఉప్పునీళ్ళ డ్రమ్ములో ముంచి ఇచ్చుకుంటన్నాం. అందరం అంతే."

రొయ్యల్ని ముంచే డ్రమ్ము అది. ఉప్పుటేట్లోంచి తోడి, ఉప్పు కలిపి పెడతారు. కళ్ళల్లో ఉప్పుటేటి నీళ్ళు ఎలా పెట్టారే అని గట్టిగా అరిచాను. నూకరత్నం కొంగు మళ్ళీ కంటి మీదికి లాక్కుంది.

"నువ్వే కదక్కా సెప్పినావు, కన్నీరంటే ఉప్పునీళ్ళేనని." నన్ను తప్పు పడుతున్నట్టు అనలేదు. పాఠం అప్పజెప్పినట్టు అంది.

చేపా రొయ్యా ఉప్పులో వేస్తే కుళ్ళవని పుట్టినప్పటినుంచి చూసినవాళ్ళు. పుండైతే సముద్రంలో దిగి కడుక్కునేవాళ్ళు. వాళ్ళకి నేను ఆ మాట చెప్పాను. వేరే ఏ ఊళ్ళో చెప్పినా అది ఉత్త మాటే అయ్యేది. ఇక్కడ వైద్యమైపోయింది.

తన జత ఎవరి దగ్గరుందో కనుక్కుని, కత్తెరతో ముక్కలు చేసి, చిరిగిపోయిందని నమోదు చేసి, పేరు పోకుండా ఆ బదులు మనిషికే కొత్తది ఇచ్చాను. డ్రమ్ము జోలికి వెళ్ళొద్దని లెన్సులు తీయించి ఒక్కొక్కరికీ చెవిలో చెప్పాను. ఉన్న మందునీళ్ళు నావే గిన్నెల్లోకి వంచి పంచాను.

జత వయసు: 50 రోజులు

లెన్సులు ఇంట్లో వదిలేసి, పాత కళ్ళద్దాలతోనే పట్నం కంటాసుపత్రికి తీసుకెళ్ళాను. బస్సులో తన తల నా ఒళ్ళో పెట్టుకుని పడుకుంది. దారిలో ఒకే మాట నాలుగుసార్లు చెప్పింది. డ్రమ్ము సంగతి చెప్పకు, చెబితే బదులు సంగతి బయటపడుతుంది, నలభై మంది పేర్లు కొట్టేస్తారు. నా ఒక్క కంటికి నలభై ఇళ్ళ పొయ్యిలు ఆర్పకు అంది.

డాక్టరు తారకేశ్ కుర్రవాడు. నెమ్మదిగా, మర్యాదగా మాట్లాడతాడు. కానీ అతని కళ్ళల్లో కూడా లెన్సులున్నాయి. అతను చూసేది, వినేది ఆసుపత్రికి చేరుతుంది. వైద్యం పెట్టించేది షెడ్డు గనుక అక్కణ్ణించి షెడ్డుకి చేరుతుంది. లెన్స్ దేనితో కడిగారు, నీళ్ళు తగిలాయా, ఎన్నాళ్ళ నుంచి నొప్పి అని అడిగాడు. నమోదులో పన్నెండు రోజులు "బాగుంది" అని ఉంది, ఆ మాట నాదే. నూకరత్నం నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. మందునీళ్ళతోనే కడిగిందండీ, నిన్నటినుంచే నొప్పండీ అన్నాను. మామూలు చీముకి వేసే చుక్కలు రాసిచ్చాడు. ఆ చేతిని విడిపించుకుని నిజం చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు.

జత వయసు: 57 రోజులు

వారం రోజులు గంట గంటకీ చుక్కలు వేశాను. ఉంగరం ముదిరింది. నిన్న తను గోడకి తల కొట్టుకుంది. ఇక ఆగలేకపోయాను. ఈ పుస్తకంలోంచి ఒక కాగితం చింపి, ఉన్నదంతా రాశాను. డ్రమ్ము, ఉప్పుటేటి నీళ్ళు, ఎన్ని రోజులు, ఎవరి చేతుల్లోంచి ఎవరి చేతుల్లోకి, అన్నీ. నూకరత్నానికి చెప్పలేదు.

గదిలో లెన్సులు లేని మేమిద్దరం, లెన్సులున్న డాక్టరు. మడిచిన కాగితం బల్ల మీద పెట్టి, దాని మీద చెయ్యి తీయకుండా అన్నాను. "బాబూ, ఇది సదవాలంటే మీ లెన్సులు తియ్యాలి."

అతను లేచి చేతులు కడుక్కుని, రెండు లెన్సులూ తీసి డబ్బాలో పెట్టాడు. అతని నంబరు పెద్దదే. నా మొహం కూడా అలుక్కుపోయినట్టు కనిపించి ఉంటుంది. కాగితాన్ని ముక్కుకి ఆనించుకుని, ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుంటూ చదివాడు. చేతిరాత చదివి ఎన్నేళ్ళైందో పాపం. చదవడం అయ్యాక కాగితం నాలుగు మడతలు పెట్టి నా చేతిలోనే పెట్టాడు.

"ఇది నీళ్ళలో బతికే పురుగమ్మా. నేనిచ్చిన చుక్కలకి చావదు, వేరే మందు ఉంది. పోయినసారే చెప్పి ఉంటే కన్ను నిలిచేదేమో. ఇప్పుడు నొప్పి తగ్గించగలను. చూపు సంగతి చెప్పలేను."

లెన్సులు మళ్ళీ పెట్టుకుని, కారణం తెలియలేదు అని నమోదు చేశాడు. అతని ఉద్యోగానికి కూడా అది ముప్పే. దణ్ణం పెట్టబోతే వద్దన్నాడు. తిరిగొచ్చేటప్పుడు బస్సులో నూకరత్నం అడిగింది, ఆ కాగితంలో ఏం రాశావని. చెప్పాను. ఏడు రోజుల ముందు రాస్తే బాగుండేదేమో అక్కా అంది. తనే వద్దంది, నిజమే. కానీ వద్దన్నది నొప్పితో ఉన్న మనిషి. నేను నొప్పితో లేను.

జత వయసు: 88 రోజులు

నొప్పి పోయింది. చూపు కూడా పోయింది. కుడి నల్లగుడ్డు ఉడికిన చేపకన్నులా తెల్లబడింది. ఈ నెలరోజుల్లో ఎర్ర కళ్ళవాళ్ళలో ఇంకెవరికీ ఉంగరం రాలేదు. డ్రమ్ము మానేశాక తగ్గిపోయాయి. ఎనభై నాలుగు కళ్ళలో ఒకటే పోయింది కదా అని సన్యాసిరావు అనలేదు, అతనికి సంగతే తెలియదు. అన్నది నేనే, నాలో నేను. అలా అనుకున్నందుకు చెంపలేసుకున్నాను.

షెడ్డు రూలు ప్రకారం ఒంటికన్ను వాళ్ళకి పని లేదు. రెండు లెన్సులూ చూస్తేనే గీత పడుతుంది. ఎల్లుండి కొత్త జతలు. చూపు పోయిన సంగతి డాక్టరు ఎక్కడా నమోదు చేయలేదు. ఆ రోజు కుడికన్ను "లేదు" అని నేను నమోదు చేస్తే నూకరత్నం పేరు పోతుంది. కళ్ళకి తగిలించుకునే వస్తువు ఇవ్వడానికే నన్ను పెట్టారు. మా ఇంటి మనిషి పేరు కొట్టేయడం కూడా అందులో భాగమే కాబోలు.

జత వయసు: 89 రోజులు

తనిఖీ అయ్యాక గున్నమ్మతో కలిసి ఆరుగురు వచ్చారు. అడగకుండానే అందరూ లెన్సులు తీసి డబ్బాల్లో పెట్టారు. వాళ్ళకి ఏదీ స్పష్టంగా కనబడదు, అయినా నా వైపే తిరిగి నిలబడ్డారు. గున్నమ్మే మాట్లాడింది.

"నూకరత్నం జత ఆపొద్దమ్మా. మేం నలభైమందిమి ఉన్నాం. మనిసికో రోజు ఏసుకుంటాం. నెలా పది రోజులకి ఒక్కసారి వంతొస్తాది, అదో బరువేటి?"

వద్దన్నాను. ఇంత జరిగాక కూడా బదులేనా, ఒకరి లెన్స్ ఒకరు పెట్టుకుంటే కడిగినా ముప్పే, ఇంకో కన్ను పోతే ఎవరు చూస్తారు అని తిట్టాను. ఈ గదిలో ఇంకెప్పుడూ బదులు జరగనివ్వనని ఒట్టేసుకున్నాను అన్నాను. గున్నమ్మ అంతా విని, "అయితే నువ్వే సెప్పు, ఆయమ్మి ఏటి తింటాది?" అంది. వాళ్ళ డబ్బాలు వాళ్ళ చేతుల్లో పెట్టి పంపేశాను.

జత వయసు: 1 రోజు

ఇవాళ కొత్త జతలు ఇచ్చాను. పాఠం చెప్పాను. ఉప్పునీళ్ళ మాట తీసేశాను. కన్నీరు కన్నీరేనమ్మా, దానిలాంటి నీళ్ళు ఏ ఏట్లోనూ లేవు, ఏ డ్రమ్ములోనూ లేవు అన్నాను. ఎవరూ తలూపలేదు. నావంక కూడా చూడలేదు, చేతులు చూసుకున్నారు. అందరి గోళ్ళూ తెల్లగా ఉన్నాయి.

నూకరత్నం పేరు వచ్చింది. యంత్రం ముందు గడ్డం ఆనించినది తను కాదు. తనని పొద్దున్న నేనే చూసి వచ్చాను. గుమ్మంలో కూర్చుని, మంచి కన్ను మూసుకుని, తెల్ల కన్నుతో ఎండ వైపు చూస్తోంది. అలవాటు చేసుకుంటున్నానంది. "ఇయ్యాల నా పేరుకి ఎవులు?" అని అడిగింది. బదులులో అడక్కూడని మాట అదే. అడిగాక తనకే గుర్తొచ్చి, కొంగుతో నోరు మూసుకుంది. నేనూ చెప్పలేదు.

ఆ జత ఇచ్చేటప్పుడు నా వాటా మందునీళ్ళ సీసా కూడా ఇచ్చాను. పెట్టుకున్నామె కళ్ళు నాకు బాగా తెలుసు. బెదురుగా ఉన్నాయి, ఆరోగ్యంగా ఉన్నాయి. ఎన్నాళ్ళు అలా ఉంటాయో నాకు తెలియదు. కుడి లెన్స్ గీత ఏడు దగ్గరికి ఒరిగి ఉంది. యంత్రం నమోదు అడిగింది. అడిగినట్టే చేశాను.

నూకరత్నం. ఎడమ కన్ను: బాగుంది. కుడి కన్ను: బాగుంది.